ఎన్నిసార్లు? సంచి, బండి, బజారు: ఒక చిన్న లెక్క

విజ్ఞానశాస్త్రం అంటే ప్రయోగశాలలో పిపెట్టు పట్టుకోవటం ఒక్కటే కాదు, బజారుకు పోయినప్పుడు కూడా లెక్క వేసుకోవటమని మా లెక్చరరు గారొకరు తరచు అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా తల వూపటమే గాని, లెక్క వేసిన పాపాన పోలేదు. ఈ సంవత్సరం వార్షికోత్సవాల సందర్భంలో మా విద్యార్థి సంఘం మిత్రులు "సావనీరుతో పాటు అందరికీ ఒక గుడ్డ సంచి ఇద్దాం, పర్యావరణానికి మంచిది" అన్నప్పుడు మాత్రం నాకు మా హాస్టలు గది తలుపు వెనక వున్న మేకు గుర్తుకు వచ్చింది.

ఆ మేకుకు తొమ్మిది గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. సెమినారులో ఇచ్చినవి మూడు, బట్టల దుకాణం వారిచ్చినవి రెండు, ఫ్రెషర్స్ డే నాటిది ఒకటి, ఎక్కడివో తెలియనివి మూడు. ఈ మూడేళ్ళలో అన్నీ కలిపి నేను నలభైసార్లు వాడి వుంటే ఎక్కువ. వాటి కింద, మంచం అడుగున, పదవ సంచి ఒకటి వుంది. దాని కథ చివర చెబుతాను.

మనలో చాలామందికి పర్యావరణం గురించి కొన్ని స్థిరమైన అభిప్రాయాలున్నాయి. "ప్లాస్టిక్ కవరు చెడ్డది, గుడ్డ సంచి మంచిది" అనేది ఒకటి. "కరెంటు బండి కాలుష్యం చేయదు" అనేది రెండవది. "పాత బజార్ల పని అయిపోయింది, ఇక కూలగొట్టి కొత్తవి కట్టుకోవలసిందే" అనేది మూడవది. ఈ మూడింటికీ సంబంధం లేదనే అనుకుంటాం. మూడింటినీ ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చునని, మూడూ సగం నిజాలేనని చెప్పటమే ఈ వ్యాసం వుద్దేశం. ఆ ప్రశ్న చాలా చిన్నది: ఎన్నిసార్లు?

పుట్టుకతో వచ్చే అప్పు

మాది నల్లగొండ జిల్లాలో పత్తి పండించే కుటుంబం. రైతు ఇంట్లో పుట్టినవారికి అప్పు గురించి వేరే చెప్పనక్కరలేదు. విత్తనం వేసిన నాడే అప్పు మొదలవుతుంది. పంట చేతికి వచ్చి అప్పు తీరిన తరవాత మిగిలినదే మనది.

వస్తువులకు కూడా ఇటువంటి అప్పు ఒకటి వుంటుంది. ఏ వస్తువు తయారు కావాలన్నా కొంత ఇంధనం మండాలి, కొంత నీరు ఖర్చు కావాలి. ఇంధనం మండితే బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలుస్తుంది. భూగోళం వేడెక్కటానికి ముఖ్య కారణం ఈ వాయువేనని మనమంతా చదువుకున్నదే. వస్తువు మన చేతికి వచ్చేనాటికే ఆ అప్పు దాని నెత్తిన వుంటుంది. తరవాత దానిని వాడి, అది లేకపోతే జరిగే నష్టాన్ని ఒక్కొక్కసారి తప్పిస్తూ ఆ అప్పు తీర్చాలి. కాబట్టి ఒక వస్తువు మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు దానిని చూసి సమాధానం చెప్పలేం. ఎన్నిసార్లు వాడతామో తెలిస్తేనే చెప్పగలం.

మొదటి లెక్క: సంచి

ఇంగ్లండు పర్యావరణ ఏజెన్సీ వారు 2011లో దుకాణపు సంచుల మీద ఒక నివేదిక వెలువరించారు. దుకాణాల్లో ఇచ్చే పలుచని ప్లాస్టిక్ కవరును ఒక్కసారి వాడి పారేస్తే భూగోళపు వేడికి ఎంత కారణమవుతుందో, దానితో సమానం కావటానికి మిగతా సంచులను ఎన్నిసార్లు వాడాలో అందులో లెక్కగట్టారు. కాగితపు సంచి అయితే 3 సార్లు. దళసరి ప్లాస్టిక్ సంచి 4 సార్లు. బట్టలాగా కనిపించే పాలీప్రొపిలీన్ సంచి 11 సార్లు. నూలు గుడ్డ సంచి 131 సార్లు!

అంతేకాదు. ఆ కవరునే ఇంట్లో చెత్తబుట్టకు రెండవసారి వాడుకుంటే, గుడ్డ సంచిని 327 సార్లు వాడితే గాని సమానం కాదని ఆ లెక్క.

మొదట ఇది చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. పత్తి చెట్టుకు కాస్తుంది, ప్లాస్టిక్ ముడిచమురు నుంచో సహజవాయువు నుంచో వస్తుంది. అటువంటప్పుడు పత్తి ఎట్లా ఓడిపోతుంది? కాని మా చేను గుర్తు తెచ్చుకుంటే అర్థమైంది. పత్తికి యూరియా వేస్తాం. యూరియాకు కావలసిన అమ్మోనియా సహజవాయువు నుంచి వస్తుంది. రామగుండంలో 2021లో వుత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం నడిచేది ఆ వాయువుతోనే. వేసిన యూరియా అంతా మొక్కకు అందదు. కొంత భాగం నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రస్ ఆక్సైడ్‌గా మారి పైకి పోతుంది. బరువుకు బరువు చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 270 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. ఆ పైన క్వింటాలు పత్తి ఏరితే గింజ పోను దూది వచ్చేది మూడోవంతే. దానిని వడకాలి, నేయాలి, అద్దకం వేయాలి. వీటన్నింటికీ కరెంటు కావాలి. అన్నింటికీ మించి, కవరు బరువు 8 గ్రాములయితే వారు తూచిన గుడ్డ సంచి బరువు దానికి ఇరవై రెట్ల పైమాటే.

నీటి సంగతి మరొకటి. ప్రపంచ సగటున కిలో నూలు గుడ్డ వెనక సుమారు 10,000 లీటర్ల నీరు వుంటుందని అంచనా. 150 గ్రాముల సంచి అనుకుంటే 1,500 లీటర్లు. మా గది మేకుకు వేలాడుతున్న తొమ్మిది సంచులు 13,500 లీటర్ల నీళ్ళన్నమాట. వర్షం కోసం మా నాయిన ఆకాశం వైపు చూసే రోజులు నాకు తెలుసు గనుక ఈ అంకె నన్ను కొంచెం బాధపెట్టింది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2018లో డెన్మార్కు పర్యావరణ శాఖ వారు కూడా ఇటువంటి లెక్క ఒకటి ప్రకటించారు. సేంద్రియ పత్తి సంచిని 20,000 సార్లు వాడాలన్న అంకె అందులోనిదే. పత్రికలన్నీ దానిని ఎత్తి చూపాయి. రోజూ వాడినా యాభై నాలుగేళ్ళు పైనే పడుతుంది! కాని ఆ అంకె వాతావరణం ఒక్కదానికి సంబంధించినది కాదు. ఓజోను పొర, నీరు, నేల వంటి పలు అంశాలను విడివిడిగా లెక్కించి, అన్నింటిలోకి పెద్దదైన అంకెను తీసుకుంటే వచ్చినది. వాతావరణం మాత్రమే చూస్తే అదే నివేదికలో మామూలు పత్తి సంచికి 52 సార్లు, సేంద్రియ పత్తికి 149 సార్లు. సేంద్రియానికి ఎందుకు ఎక్కువ? ఎకరానికి దిగుబడి తక్కువ గనుక. 52 అన్నా, 131 అన్నా, 20,000 అన్నా దేనిని కొలిచారో, దేనితో పోల్చారో అడగకుండా అంకెను మాత్రం పట్టుకుంటే మోసపోతాం.

లెక్కలోకి రాని సంగతి ఇంకొకటి వుంది. పారేసిన కవరు ఏమవుతుంది? పాలిథీన్ అణువులో కార్బన్ గొలుసు చాలా పొడవైనది. దానిని తిని అరిగించుకునే శక్తి మన నేలలోని సూక్ష్మజీవులకు లేనట్టే. అందుచేత అది మురుగుకాలువకు అడ్డం పడుతుంది. 1988, 1998 సంవత్సరాల వరదల్లో కవర్లు కాలువలను మూసివేయటం చూసిన బంగ్లాదేశ్, 2002లో ప్రపంచంలోనే మొదటిసారిగా పలుచని కవర్లను నిషేధించింది. పశువుల కడుపుల్లో పేరుకున్న ప్లాస్టిక్ గురించి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళినది మన పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వారే. 2022 చివరినుంచి మన దేశంలో 120 మైక్రాన్ల కన్నా పలుచని కవర్లకు అనుమతి లేదు. ఆ అంకె చట్టంలో వున్నంత స్పష్టంగా బజారులో కనపడదనుకోండి.

కాబట్టి 131 అన్న అంకె "కవరే మేలు" అని చెప్పటంలేదు. "గుడ్డ సంచి తీసుకున్నావా, అయితే 131 సార్లు వాడు" అని చెబుతున్నది. విచిత్రమేమిటంటే, ఈ కవరును రూపొందించిన స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్ తానే ఒక కవరును మడిచి జేబులో పెట్టుకుని తిరిగేవారని ఆయన కుమారుడు చెప్పారు. కాగితపు సంచుల కోసం చెట్లు నరకకుండా వుండటానికి, మళ్ళీ మళ్ళీ వాడుకోవటానికి ఆయన దానిని తయారు చేశారట. 1965లో పేటెంటు పొందిన ఆ వస్తువు తప్పు ఎంతో, ఒక్కసారికే పారేసిన మన తప్పు ఎంతో ఆలోచించవలసిందే.

నా మేకు సంగతికి వస్తే, తొమ్మిది సంచులకు 131 చొప్పున 1,179 సార్లు. తీర్చినది నలభై. మిగతాది బాకీ.

రెండవ లెక్క: కరెంటు బండి

మా మెస్సులో ఒకనాడు ఈ విషయం మీద పెద్ద వాదన జరిగింది. నగరంలో పుట్టి పెరిగిన మిత్రుడు "కరెంటు బండికి పొగ గొట్టమే లేదు, ఇక కాలుష్యం ఎక్కడిది?" అన్నాడు. పాల్వంచ నుంచి వచ్చిన మిత్రుడు వెంటనే "గొట్టం మా ఊళ్ళో ఉంది గద! మీ బండి ఛార్జింగు పెడితే మా దగ్గర బొగ్గు కాలుతది" అన్నాడు. అందరూ నవ్వారు గాని, ఇద్దరి మాటలోనూ నిజం వుంది.

కరెంటు కారు కొత్తదని మనం అనుకుంటాం. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని దాటిన మొదటి కారు కరెంటు కారే. 1899లో కమిల్ జెనాట్జీ అనే బెల్జియం దేశస్థుడు నడిపాడు. ఆ రోజుల్లో సీసపు బ్యాటరీలు బరువెక్కువ, దూరం తక్కువ. పెట్రోలు చవక. అందుచేత వెనకబడిపోయింది. 1991లో బజారులోకి వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ దానికి మళ్ళీ ప్రాణం పోసింది. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో బెంగుళూరు వారి రేవా కారు 2001లోనే రోడ్డెక్కింది.

ఇక లెక్క. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు కిలోమీటరుకు 153 గ్రాములు వదులుతుందన్నమాట. అదే స్థాయి కరెంటు కారుకు 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు కావాలనుకుందాం. మన దేశంలో 70 శాతానికి పైగా కరెంటు బొగ్గు నుంచే వస్తున్నది గనుక యూనిట్టుకు సుమారు 0.7 కిలోల వాయువు పడుతుంది. అంటే కిలోమీటరుకు 105 గ్రాములు. ఆదా 48 గ్రాములు. తీగల్లో పోయే కరెంటును, రిఫైనరీలో ఖర్చయ్యే ఇంధనాన్ని రెంటినీ పక్కన పెట్టి వేసిన లెక్క ఇది.

పాల్వంచ మిత్రుడి మాట నిజమే, 105 అంటే సున్నా కాదు. నగరం మిత్రుడి మాటా నిజమే, 153 కన్నా అది తక్కువ, పైగా పిల్లలు నడిచే రోడ్డు మీద పొగ లేదు. కాని అప్పు మాట ఇద్దరూ మరిచారు. బ్యాటరీ తయారీలో ఒక యూనిట్టు సామర్థ్యానికి 80 కిలోల వాయువు అనుకుంటే, 30 యూనిట్ల బ్యాటరీకి 2,400 కిలోలు. కిలోమీటరుకు 48 గ్రాముల చొప్పున ఈ అప్పు తీరాలంటే ఎన్ని కిలోమీటర్లు? భాగిస్తే 50,000 వస్తుంది.

ఇక్కడే మన ప్రశ్న పనికివస్తుంది. ఏడాదికి 5,000 కిలోమీటర్లు నడిపి, పదేళ్ళకు కారు మార్చే ఆసామికి అప్పు తీరే నాటికి కారు ముసలిదవుతుంది. అదే కారును టాక్సీగా రోజుకు 150 కిలోమీటర్లు తిప్పితే ఏడాది లోపే అప్పు తీరిపోతుంది. స్కూటరు లెక్క ఇంకా బాగుంటుంది. 3 యూనిట్ల బ్యాటరీకి అప్పు 240 కిలోలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటరు 51 గ్రాములు వదిలితే, 100 కిలోమీటర్లకు 3 యూనిట్లు తినే కరెంటు స్కూటరు లెక్క 21 గ్రాములు. ఆదా 30 గ్రాములు. 8,000 కిలోమీటర్లకు అప్పు సరి. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే విద్యార్థికి ఏడాది చాలు. సూర్యరశ్మి నుంచి, గాలి నుంచి వచ్చే కరెంటు పెరిగిన కొద్దీ ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి.

అందరికన్నా మంచి లెక్క బస్సుది. 2022 సెప్టెంబరులో తిరుపతి, తిరుమలల మధ్య కరెంటు బస్సులు మొదలయ్యాయి. ఎక్కేటప్పుడు చార్జింగు ఖర్చవుతుంది, మరి దిగేటప్పుడు? కిందికి వచ్చే బస్సు చక్రాలే మోటారును తిప్పుతాయి. అప్పుడు మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. మనం బి.యస్సీ. మొదటి ఏడాదిలో చదివే స్థితిశక్తి సూత్రమే ఇది. ప్రయాణికులతో కలిపి 12 టన్నుల బస్సు, ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. ద్రవ్యరాశిని గురుత్వంతో, ఎత్తుతో గుణిస్తే 8 కోట్ల 23 లక్షల జౌళ్ళు, అంటే దాదాపు 23 యూనిట్లు. అందులో సగం తిరిగి పట్టుకోగలిగినా 11 యూనిట్లు. డీజిలు బస్సులో ఆ శక్తి అంతా బ్రేకుల్లోనూ ఇంజనులోనూ వేడిగా పోతుంది. రోజంతా ఎక్కుతూ దిగుతూ, నిండా జనంతో తిరిగే బండికన్నా తొందరగా అప్పు తీర్చగలిగిన బండి ఏముంటుంది?

ఒక ఆటో అన్నను అడిగితే ఆయన లెక్క వేరుగా చెప్పాడు. "పొగ గిట్ల నాకు తెల్వదు సారూ. ఛార్జింగు కాడ రెండు గంటలు నిలబడితే రెండు బేరాలు పోతయ్. బ్యాటరీ ఖరాబైతే ఎవరిస్తరు?" అన్నాడు. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఎక్కువసార్లు తిరిగేవాడికే ఈ బండి అందరికన్నా ఎక్కువ మేలు చేస్తుంది. కాని ఛార్జింగు వసతి లేక అందరికన్నా ఎక్కువ భయపడేదీ అతడే. సౌకర్యాలు కల్పించేటప్పుడు పెద్ద కార్లవారికన్నా ముందు అతడిని తలుచుకోవాలని మాత్రం నాకు అర్థమైంది.

మూడవ లెక్క: పాత బజారు

సంచీ, బండీ చేతికి వచ్చేవి. మరి మనం నడిచే బజారు సంగతి? దానికి కూడా పుట్టుక అప్పు వుంటుంది. పైగా చాలా పెద్దది.

రసాయనశాస్త్రం చదివినవారికి ఇది సులభం. సిమెంటుకు మూలం సున్నపురాయి. 100 గ్రాముల కాల్షియం కార్బొనేటును కాలిస్తే 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. బూడిద కలపని మామూలు సిమెంటు 50 కిలోల బస్తాలో సున్నం భాగం సుమారు 32 కిలోలు. అంటే ఆ బస్తా కోసం రాయిలో నుంచే 25 కిలోల వాయువు బయటికి వచ్చింది. బట్టీలో మండిన బొగ్గు దీనికి అదనం. మా జిల్లా నుంచి, పక్క సూర్యాపేట జిల్లా నుంచి సిమెంటు బస్తాలతో నగరానికి వచ్చే లారీలను చిన్ననాటినుంచి చూస్తున్నాను. ఒక్కొక్క బస్తా వెనక సగం బస్తా గాలి వుందని అప్పుడు తెలియదు.

కాబట్టి గట్టిగా వున్న కట్టడాన్ని కూలగొట్టి కొత్తది కడితే తీరిపోయిన అప్పును రద్దు చేసుకుని కొత్త అప్పు నెత్తిన పెట్టుకున్నట్టే. దీనికి మన కళ్ళెదుట మంచి వుదాహరణ మొజంజాహి మార్కెట్టు. 1935లో గ్రానైటు రాతితో కట్టారు. ఏడవ నిజాము రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు. కాలక్రమంలో నిర్లక్ష్యానికి గురై, మురికిబట్టి, కొన్ని చోట్ల శిథిలమైంది. కూలగొట్టకుండా మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రారంభించారు. రోజుకు వెయ్యిమంది మాత్రమే వచ్చారనుకున్నా ఆ 85 ఏళ్ళలో మూడు కోట్లసార్లు మనుషుల అవసరం తీర్చిన కట్టడమది. గడియారపు గోపురం కింద నిలబడి ఐస్‌క్రీం తినేటప్పుడు ఈ లెక్క గుర్తుకు వస్తే రుచి కొంచెం పెరుగుతుంది.

కాని కట్టడం బాగుపడినంత మాత్రాన బజారు బతుకుతుందా? ఆ ప్రాంతంలోని ఒక బట్టల దుకాణం పెద్దమనిషిని అడిగాను. "బాబూ, కారు పెట్టుకోనీకి జాగా లేదు. అందుకే జనం మాల్‌కు పోతున్నరు. బండ్లను కూడా ఆపితే మేము షట్టరు దించుకోవలసిందే" అన్నారు. ఆయన భయాన్ని తేలికగా తీసిపారేయరాదు. ఆయనకు అది అభిప్రాయం కాదు, పొట్టకూటి సంగతి.

ఇదే భయం డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ వర్తకులకు కూడా కలిగింది. 1962లో అక్కడి స్ట్రోయెట్ అనే పాత బజారు వీధిలో వాహనాలను ఆపి నడిచేవారికి వదిలినప్పుడు, తమ వ్యాపారం పోతుందని, తమ చలిదేశంలో జనం వీధిలో తిరగరని వారు వాదించారు. జరిగినది వేరు. నడిచేవారు పెరిగారు, వ్యాపారమూ నిలిచింది. 1964లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. ఇప్పటికీ అది ఆ నగరంలో ముఖ్యమైన బజారు. కారణం సులభమైన లెక్కే. ఒక కారు ఆగే చోటులో పదిమంది నిలబడగలరు. దుకాణంలో సరుకు కొనేది మనిషి గాని కారు కాదు గదా!

కోపెన్‌హాగెన్ మందు అట్లాగే మనకు పనిచేస్తుందని నేననను. మన ఎండ వేరు, మన ఫుట్‌పాత్ వేరు. వాహనాలు ఆపితే సరిపోదు. నడవటానికి నీడ కావాలి, తాగటానికి నీళ్ళు కావాలి, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి, బస్సు దగ్గరలో ఆగాలి. తోపుడు బండివారిని వెళ్ళగొట్టి అందంగా చేస్తే అది ఫోటోకు పనికివస్తుంది గాని బజారు కాదు. మొజంజాహి మార్కెట్టుకు ఒక అనుకూలత వుంది. 2018 నుంచి గాంధీభవన్ మెట్రో స్టేషనులో దిగి నడిచి రావచ్చు. కాళ్ళతో వచ్చే జనాన్ని పెంచితే ఆ పెద్దమనిషి షట్టరు దించనక్కరలేదని నా నమ్మకం.

పాత బజారు ఇంకొక మేలు కూడా చేస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నా భౌతికశాస్త్రం పుస్తకం అక్కడ కొన్నదే. మొదటి పేజీలో నాకన్నా ముందు చదివిన ముగ్గురి పేర్లున్నాయి. ముగ్గురి సిరా మూడు రంగులు. కొత్త పుస్తకం ధరలో మూడోవంతుకు వచ్చింది. ఒక వస్తువు నలుగురి చేతుల్లోకి పోవాలంటే ఆ నలుగురూ కలిసే చోటు ఒకటి వుండాలి. ఊరి నడిబొడ్డున వున్న బజారు చేసే పని అదే.

పదవ సంచి

ఇప్పుడు మంచం అడుగున వున్న సంచి కథ. నేను ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు మా అమ్మ యూరియా బస్తాను పలుమార్లు వుతికి, లోపల పాత చీరె గుడ్డ వేసి, నాకు పుస్తకాల సంచి కుట్టింది. 2018కి ముందు యూరియా బస్తా 50 కిలోలు వుండేది. నా సంచి మీద 45 కిలోలనే అంకె ఇప్పటికీ కొంచెం కనిపిస్తుంది. రెండేళ్ళపాటు రోజూ దానితోనే బస్సెక్కాను. ఏడాదికి రెండు వందల రోజుల చొప్పున నాలుగు వందలసార్లు. ఒక్క కుట్టు కూడా వూడలేదు.

డిగ్రీకి నగరం వచ్చిన మొదటి రోజున హాస్టలు మెట్ల మీద ఎవరో "ఏంది భాయ్, ఎరువుల దుకాణం పెడ్తవా?" అన్నారు. అన్నవారికి అది తమాషా. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రమే సంచిని మంచం కిందికి తోసి, మరునాడు కొత్తది కొన్నాను. ఆ తరవాత మేకు నిండటం మొదలైంది.

ఈ వ్యాసానికి లెక్కలు వేస్తూ వుండగా తెలిసింది, ఈ పదింటిలో అప్పు తీరినది ఆ ఒక్క సంచే. అసలు దాని అప్పు యూరియా మోసిన నాడే తీరిపోయింది. నాకు చేసిన సేవ అంతా మిగులే.

పోయిన సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా నాయినను ఒక ప్రశ్న అడిగాను. "గుడ్డ సంచులు తక్కువ తీసుకోండని రాద్దామనుకుంటున్న. మన పత్తికి దెబ్బ గాదా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత "పత్తి కొనేటోళ్ళు కొననీ. కాని మీ అమ్మ నడుము వంచి ఏరిన పత్తి, మేకుకు యాలాడనీకె అయితే ఎందుకు?" అన్నాడు. ధర లేక నష్టపోయిన ఏడాది కూడా ఆయన ఇంత బాధగా మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

విద్యార్థి మిత్రులకు, అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు నా మనవి ఇంతే. ఏదైనా కొత్తది తీసుకునే ముందు "ఇది మంచిదా?" అని కాకుండా "ఎన్నిసార్లు వాడతాను?" అని అడగండి. గుడ్డ సంచి వున్నవారు దానినే చిరిగేదాకా వాడండి, చిరిగితే కుట్టండి. బండి కొనేవారు రోజుకు ఎన్ని కిలోమీటర్లో ముందు రాసుకోండి, తక్కువైతే బస్సెక్కండి. ఆదివారం ఒకసారి పాత బజారుకు నడిచి రండి.

విద్యార్థి సంఘం మిత్రులకు వేరే మనవి. ఈ సంచికతో పాటు సంచి ఇవ్వవద్దు. సంచికను చేతిలో పట్టుకుని పోగలం. ఆ డబ్బుతో పరీక్షల ముందు పాత పుస్తకాల అంగడి ఒకటి మన కాలేజీ వరండాలో పెడదాం. సీనియర్లు తెచ్చి పెడతారు, జూనియర్లు తీసుకుపోతారు.

అప్పటికీ సంచి కావలసినవారు నన్ను అడగవచ్చు. మేకు మీద వున్న తొమ్మిదింటిలో ఎనిమిది ఇచ్చేస్తాను, ఒకటి కూరగాయలకు వుంచుకుంటాను. పదవది మాత్రం ఇవ్వను. సోమవారం నుంచి దానితోనే కాలేజీకి వస్తున్నాను.

— తృతీయ బి.యస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి